చిన్న హుక్కా, పెద్ద హుక్కా: పరిమాణం మార్చేవి, మార్చనివి

హుక్కా కొనడానికి దుకాణానికి వెళ్ళిన వ్యక్తికి మొదట ఎదురయ్యే ప్రశ్న పరిమాణం గురించినదే. జానెడున్నర ఎత్తున్న చిన్న హుక్కా తీసుకోవాలా, నేలమీద నిలబెడితే నడుము దాకా వచ్చే పెద్దది తీసుకోవాలా అన్న మీమాంసలో అమ్మేవారు సాధారణంగా పెద్దదాని పక్షమే వహిస్తారు. దానిలో నీరు ఎక్కువ పడుతుందనీ, పొగ చల్లగా వస్తుందనీ, నీరు ఎక్కువైనకొద్దీ పొగ శుభ్రపడుతుందనీ వారు చెప్పే మూడు మాటలను కొనేవారు ఒకే మాటగా వింటారు. భౌతికశాస్త్రం దృష్టిలో మాత్రం ఆ మూడూ వేర్వేరు ప్రతిపాదనలు. వాటిలో మొదటిది నిజం, రెండవది కొంతవరకే నిజం, మూడవది దాదాపుగా అబద్ధం. ఒకే పరికరంలో, ఒకే నీటిలో, ఒకే బుడగలో ఈ భేదం ఎలా పుడుతుందో పరిశీలించడమే ఈ అధ్యాయం ఉద్దేశం.

పరికరం, దాని భాగాలు

ఏ దేశపు హుక్కా అయినా నాలుగు భాగాల కూర్పు. అన్నిటికన్నా పైన ఉండేది చిలుము. పొగాకునూ, దానిమీద నిప్పు కణికలనూ ఉంచే చిన్న మట్టి లేదా లోహపు గిన్నె ఇది. చిలుము అడుగు నుంచి కిందికి దిగే నిలువు గొట్టం చివరి భాగం, కింద ఉన్న పాత్రలోని నీటిలో కొద్దిగా మునిగి ఉంటుంది. పాత్రలో నీటికి పైన కొంత ఖాళీ జాగా మిగులుతుంది. దానిని ఇక్కడ పొగ గది అని పిలుచుకోవచ్చు. ఆ గది గోడకు అమర్చిన మరొక గొట్టం, అంటే పీల్చే నాళం, నోటి దాకా వస్తుంది. నాళంలోంచి గాలి లాగినప్పుడు పొగ గదిలో పీడనం తగ్గుతుంది, బయటి వాతావరణ పీడనం నిప్పుల మీదుగా గాలిని లోనికి నెడుతుంది, ఆ గాలి పొగాకును వేడెక్కించి పొగతో కలిసి నిలువు గొట్టం గుండా దిగి, నీటిలో బుడగలై పైకి తేలి, పొగ గదిని నింపి, చివరకు నోటిని చేరుతుంది. గుడగుడ అనే పేరు ఈ బుడగల చప్పుడు వల్లనే తెలుగులో స్థిరపడింది.

చిన్న, పెద్ద అన్న తేడా కూడా కొత్తది కాదు. కొబ్బరి చిప్పనే నీటి పాత్రగా వాడిన చేతి హుక్కాలు హిందూ మహాసముద్ర తీరాలలోనూ, ఉత్తర భారత గ్రామాలలోనూ సామాన్యుల సాధనాలుగా ఉండేవి. ఈజిప్టులో గోజా అనే చిన్న హుక్కాకు వంగే నాళం ఉండదు, గట్టి వెదురు గొట్టమే ఉంటుంది. దీనికి ఎదురుగా, సంపన్నుల దివాన్‌ఖానాలలో తివాచీ మీద నిలిపే ఫర్షీ హుక్కాలకు గజాల పొడవున్న మెలికల నాళాలు ఉండేవి. 17వ శతాబ్దపు తొలి ఏళ్ళలో అసద్ బేగ్ అనే రాయబారి బీజాపూర్ నుంచి పొగాకును అక్బరు కొలువుకు తీసుకుపోగా, 1617లో జహంగీరు దానిని నిషేధించాడు. ఆ నిషేధం పెద్దగా పనిచేయలేదనడానికి దక్కనులోనే బలమైన సాక్ష్యం ఉంది. 1956 వరకు హైదరాబాదు రాష్ట్రంలో భాగంగా ఉన్న బీదరులో, అధిక భాగం తుత్తునాగంతో కొద్దిపాటి రాగిని కలిపి పోతపోసి, వెండి తీగెలు పొదిగి, కోట మట్టితో నల్లబరిచే బిద్రీ పనివారు శతాబ్దాల పాటు అత్యధికంగా తయారుచేసిన వస్తువులలో హుక్కా పాత్ర ఒకటి. ఆ పాత్రల ఆకారం మారిన తీరులో పరిమాణానికి సంబంధించిన ఒక పాఠం దాగి ఉంది; దాని వద్దకు తరువాత రావలసి ఉంటుంది.

లాగడానికి ఎంత శ్రమ

పెద్ద హుక్కాను లాగడానికి ఎక్కువ ఊపిరి కావాలనేది సాధారణ నమ్మకం. లాగే శ్రమను నిర్ణయించే అంశాలను ఒక్కొక్కటిగా లెక్కిస్తే ఈ నమ్మకం నిలవదు. మొదటి అంశం నీటిలో గొట్టం మునిగిన లోతు. నీటి అడుగున ఒక బుడగ పుట్టాలంటే, ఆ లోతులోని నీటి పీడనాన్ని లోపలి గాలి అధిగమించాలి, గొట్టం 2.5 సెంటీమీటర్లు మునిగి ఉంటే ఆ పీడనం సుమారు 245 పాస్కల్‌లు. పాస్కల్ అనేది పీడనానికి ప్రమాణం. వాతావరణ పీడనం దాదాపు 1,01,300 పాస్కల్‌లు కాబట్టి, ఇక్కడ కావలసినది అందులో నాలుగు వందల్లో ఒక వంతు మాత్రమే. ఈ లెక్కలో పాత్ర వెడల్పుకు గాని, నీటి మొత్తానికి గాని చోటు లేదు. గిన్నెడు నీటిలోనైనా, బిందెడు నీటిలోనైనా గొట్టం అంతే మునిగితే శ్రమ అంతే.

రెండవ అంశం గొట్టాల లోపలి రాపిడి. గాలి గొట్టంలో పొరలు పొరలుగా, సుడులు లేకుండా కదులుతున్నప్పుడు (దీనినే స్తరీయ ప్రవాహం అంటారు) అవసరమైన పీడన భేదం గొట్టం పొడవుకు అనులోమంగానూ, వ్యాసార్ధపు నాలుగవ ఘాతానికి విలోమంగానూ ఉంటుందని 19వ శతాబ్దంలో ఫ్రెంచి వైద్యుడు, భౌతికశాస్త్రజ్ఞుడు ప్వాజయ్ నిరూపించాడు. క్షణానికి ఐదవ వంతు లీటరు చొప్పున లాగుతున్నప్పుడు, 1 సెంటీమీటరు లోపలి వ్యాసం, ఒకటిన్నర మీటర్ల పొడవు ఉన్న నాళంలో కలిగే నష్టం దాదాపు 23 పాస్కల్‌లు. నాళాన్ని రెట్టింపు పొడవు చేస్తే ఇది 45 అవుతుంది. అదే నాళపు వ్యాసాన్ని సగానికి తగ్గిస్తే పదహారు రెట్లు పెరిగి 360 దాటుతుంది, అప్పుడు ప్రవాహం సుడులు తిరగడం మొదలవుతుంది కనుక నిజానికి ఇంకా ఎక్కువే అవుతుంది. పెద్ద హుక్కాలోని 60 సెంటీమీటర్ల నిలువు గొట్టం 12 మిల్లీమీటర్ల రంధ్రం కలిగి ఉంటే, దాని వల్ల అదనంగా చేరే శ్రమ ఐదు పాస్కల్‌లకు మించదు.

ఈ అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే, ఎత్తు అనేది లాగే శ్రమలో లెక్కలోకి రాని అంశమనీ, రంధ్రపు వెడల్పూ, మునిగే లోతూ, చిలుములో పొగాకును అదిమిన తీరూ మాత్రమే లెక్కలోకి వస్తాయనీ తేలుతుంది. చిన్న హుక్కాలను చౌకగా తయారుచేసేటప్పుడు గొట్టాలను కూడా సన్నగా చేస్తారు కాబట్టి అవి బిగుతుగా లాగుతాయి; తప్పు పొట్టితనానిది కాదు, సన్నదనానిది. కొనే వ్యక్తి టేపుతో ఎత్తు కొలిచే బదులు గొట్టపు రంధ్రంలో చిటికెన వేలు దూరుతుందో లేదో చూసుకుంటే ఎక్కువ సమాచారం దొరుకుతుంది.

పొగ గది, దాని జ్ఞాపకం

పరిమాణం నిజంగా మార్చే గుణాలలో మొదటిది పొగ గది ఘనపరిమాణం. ఉదాహరణకు చిన్న హుక్కాలో నీటికి పైన 300 మిల్లీలీటర్ల జాగా, పెద్దదానిలో ఒకటిన్నర లీటర్ల జాగా ఉన్నాయనుకుని, ఒక్కొక్క దమ్ములో అర లీటరు పొగ లాగుతున్నారనుకోవాలి. లోనికి వచ్చే కొత్త పొగ పాతదానితో వెంటవెంటనే కలిసిపోతుందని భావిస్తే, ఒక దమ్ము తరువాత చిన్న గదిలో మిగిలే పాత పొగ ఐదో వంతు కన్నా తక్కువ. పెద్ద గదిలో మాత్రం 72 శాతం పాతదే ఉంటుంది. గదిలోని పొగలో పదింట తొమ్మిది వంతులు మారడానికి చిన్నదానికి రెండు దమ్ములలోపే చాలగా, పెద్దదానికి ఏడు దమ్ములు పడతాయి.

అనుభవంలో ఎదురయ్యే రెండు విషయాలను ఈ లెక్క వివరిస్తుంది. చిన్న హుక్కా నిప్పు పెట్టగానే రుచి చూపుతుంది, నిప్పు ఎక్కువైతే వెంటనే ఘాటెక్కుతుంది, కణిక తీసివేస్తే వెంటనే దిగుతుంది. చిలుములో జరిగే ప్రతి మార్పూ దానిలో నేరుగా నోటికి తెలుస్తుంది. పెద్దది మొదట్లో మందకొడిగా ఉంటుంది, ఒకసారి నిండాక ఒడుదుడుకులను తనలో కలుపుకుని ఒకే తీరుగా నడుస్తుంది. పొగాకు మాడినప్పుడు ఆ మాడు వాసన కూడా అంతే మొండిగా గదిలో నిలిచిపోతుంది. అందుకే నేటి పెద్ద హుక్కాలలో నాళంలోకి ఊదినప్పుడు పాత పొగను బయటికి వదిలే చిన్న కవాటాన్ని అమరుస్తారు. చిన్న గోళీని పైకెత్తి పొగ బయటపడేలా చేసే ఈ ఏర్పాటు చిన్న హుక్కాలో అంతగా అవసరం లేదు.

చల్లదనం ఎక్కడ నుంచి వస్తుంది

పొగ చల్లబడేది నీటిలోనే అని చాలామంది భావిస్తారు, కాని అందులో పెద్ద భాగం నీటిని చేరకముందే జరుగుతుంది. 1 సెంటీమీటరు వ్యాసం గల లోహపు గొట్టంలో పైన చెప్పిన వేగంతో వేడి గాలి దిగుతున్నప్పుడు, గొట్టపు గోడ గది ఉష్ణోగ్రతకు దగ్గరగా ఉంటే, 25 సెంటీమీటర్ల పొడవులో అదనపు వేడిలో దాదాపు మూడో వంతు, 60 సెంటీమీటర్లలో సగానికి పైగా గోడకు చేరిపోతాయి. పెద్ద హుక్కా పొగ చల్లగా ఉంటుందన్న మాటలో ఉన్న నిజానికి ముఖ్యాధారం ఈ పొడవైన గొట్టమే.

నీటి వాటా వేరే రకమైనది. బీరూట్‌లోని అమెరికన్ విశ్వవిద్యాలయంలో అలన్ షిహాదే బృందం కేఫేలలో హుక్కా తాగేవారి తీరును కొలిచి, దానిని అనుకరించే యంత్రాన్ని రూపొందించింది. 2005లో ప్రచురించిన ఆ పద్ధతిలో ఒక విడతకు 171 దమ్ములు, ఒక్కొక్క దమ్ముకు 0.53 లీటర్లు, 2.6 క్షణాల నిడివి. అంటే ఒక విడతలో హుక్కా గుండా పోయేది 90 లీటర్ల పొగ, తూకంలో 100 గ్రాములకు కొంచెం ఎక్కువ. నీటిని చేరేటప్పుడు ఇది నీటికన్నా 60 డిగ్రీల సెల్సియస్ వేడిగా ఉందనుకుని, ఆవిరి లెక్కను పక్కన పెడితే, నీటికి చేరే ఉష్ణం దాదాపు 6,500 జౌళ్ళు. నీటి విశిష్టోష్ణం, అంటే ఒక గ్రాము నీటిని ఒక డిగ్రీ వేడి చేయడానికి కావలసిన శక్తి, 4.2 జౌళ్ళు కాబట్టి ఒక లీటరు నీరు ఆ విడత మొత్తంలో వేడెక్కేది ఒకటిన్నర డిగ్రీలే. 300 మిల్లీలీటర్ల నీరు ఐదు డిగ్రీలు వేడెక్కుతుంది. గాలితో పోలిస్తే నీరు ఎంత ఉష్ణాన్ని ఇముడ్చుకోగలదంటే, చిన్న పాత్రలోని నీరు కూడా ఆ పనికి సరిపోతుంది. దానికి బదులు లీటరు నీరు పోయడం వల్ల వచ్చే అదనపు చల్లదనం దాదాపు మూడున్నర డిగ్రీలే. చిన్నదానిలో రెండు మంచు ముక్కలు వేస్తే ఆ తేడా కూడా తీరిపోతుంది.

బుడగలో జరిగేది, జరగనిది

చల్లబరిచినట్లే నీరు పొగను కడుగుతుందన్న నమ్మకాన్ని పరీక్షించడానికి ఒక్క బుడగను అనుసరించి వెళ్ళడం చాలు. గొట్టం చివర పుట్టిన బుడగ వ్యాసం సుమారు 1 సెంటీమీటరు. అది క్షణానికి 25 సెంటీమీటర్ల వేగంతో పైకి తేలుతుంది కాబట్టి 2.5 సెంటీమీటర్ల లోతును దాటడానికి పట్టే కాలం క్షణంలో పదో వంతు. ఆ కొద్ది వ్యవధిలో బుడగ లోపలి పదార్థం ఏదైనా నీటికి చేరాలంటే, బుడగ మధ్య నుంచి గోడ దాకా ప్రయాణించాలి. ఎవరూ నెట్టకుండా, అణువుల ఎడతెగని కదలిక వల్ల మాత్రమే జరిగే ఇటువంటి ప్రయాణాన్ని వ్యాపనం అంటారు.

వాయువులో ఉష్ణం వేగంగా వ్యాపిస్తుంది: క్షణంలో పదో వంతులో రమారమి 2 మిల్లీమీటర్ల దూరం. బుడగ లోపలి గాలి తనలో తాను సుడులు తిరగడం కూడా తోడవడంతో, పైకి తేలేలోగా బుడగ దాదాపుగా నీటి ఉష్ణోగ్రతకు వస్తుంది. పొగ కణం సంగతి వేరు. మైక్రోమీటరులో మూడో వంతు వ్యాసమున్న తారు బిందువు, అణువులతో పోలిస్తే మహాకాయం కాబట్టి, అదే వ్యవధిలో అది వ్యాపనంతో కదిలే దూరం 5 మైక్రోమీటర్లు, అంటే బుడగ వ్యాసార్ధంలో వెయ్యో వంతు. గోడను ఆనుకుని ఉన్న పలుచని పొరలోని కణాలు మాత్రమే నీటికి అంటుకుంటాయి; తక్కినవన్నీ తడవకుండానే నదిని దాటినట్లు పైకి చేరతాయి. బొగ్గు నుంచి పుట్టే కార్బన్ మోనాక్సైడ్ వాయువే కాబట్టి గోడను చేరగలదు గాని, అది నీటిలో చాలా తక్కువగా కరుగుతుంది. సాధారణ ఉష్ణోగ్రత వద్ద ఒక లీటరు నీరు ఆ వాయువుతో పూర్తిగా సంతృప్తమైనా ఇముడ్చుకునేది 30 మిల్లీగ్రాముల లోపే.

లోతు పెంచితే ఫలితం మారుతుందా అన్నది సహజమైన తరువాతి ప్రశ్న. వ్యాపన దూరం కాలపు వర్గమూలాన్ని అనుసరించి పెరుగుతుంది. గొట్టాన్ని 10 సెంటీమీటర్ల లోతుకు ముంచి కాలాన్ని నాలుగు రెట్లు చేస్తే కణం కదిలే దూరం రెట్టింపు మాత్రమే అవుతుంది, లాగే శ్రమ మాత్రం నాలుగు రెట్లై 980 పాస్కల్‌లకు చేరుతుంది. పాత్ర వెడల్పు పెంచితే అదీ మారదు, ఎందుకంటే బుడగ తన చుట్టూ ఉన్న నీటిని మాత్రమే తాకుతుంది. పక్కన ఎన్ని లీటర్లు ఉన్నాయన్నది దానికి సంబంధం లేని విషయం. నీరు బాగా పట్టుకునే ముఖ్య పదార్థం నీటిలో సులభంగా కరిగే నికోటిన్. షిహాదే 2003లో చేసిన ప్రయోగాలలో పాత్రలోని నీరు తీసివేసినప్పుడు పొగలోని నికోటిన్ ఎన్నో రెట్లు పెరిగింది. అయితే పొగ తాగే శరీరం వెతికేది ఆ నికోటిన్‌నే. నీరు దానిలో కొంత మింగేస్తే తాగే వ్యక్తి ఆ లోటును మరిన్ని దమ్ములతో పూడ్చుకుంటాడు, ప్రతి దమ్ముతోనూ నీరు మింగని తారు, కార్బన్ మోనాక్సైడ్ అదనంగా లోనికి వెళతాయి.

ఒకే బుడగ పొగను చల్లబరచగలిగి, శుభ్రపరచలేకపోవడం ఈ పరికరపు కేంద్ర రహస్యం. వేడినీ, ఘాటునీ గుర్తించే గొంతు చల్లని పొగను హానిలేని పొగగా స్వీకరిస్తుంది; కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన, మంట ఏవీ లేవు కాబట్టి దానిని పసిగట్టే సాధనం గొంతుకు లేదు. సిగరెట్లను పరీక్షించే అంతర్జాతీయ ప్రమాణ పద్ధతిలో ఒక దమ్ము 35 మిల్లీలీటర్లు. హుక్కాలో అది దాదాపు పదిహేను రెట్లు. అంత పొగను దగ్గు రాకుండా ఊపిరితిత్తుల లోతుకు పంపగలగడం చల్లదనం వల్లనే సాధ్యమవుతుంది.

నిలకడ

పరిమాణం మార్చే మరో గుణం ఒరిగి పడే స్వభావం. వస్తువు బరువంతా కేంద్రీకృతమైనట్లు ప్రవర్తించే బిందువును గరిమనాభి అంటారు. అది ఆధారపు అంచును దాటి బయటికి జరిగినప్పుడు వస్తువు పడిపోతుంది. ఆధారపు వ్యాసార్ధం 7.5 సెంటీమీటర్లు, గరిమనాభి ఎత్తు 15 సెంటీమీటర్లు ఉన్న చిన్న హుక్కా 27 డిగ్రీల దాకా ఒరిగి మళ్ళీ నిలబడగలదు. వ్యాసార్ధం 10, గరిమనాభి ఎత్తు 30 సెంటీమీటర్లు ఉన్న పెద్దది 18 డిగ్రీల వద్దనే పడిపోతుంది. పైగా నాళం అమరిన చోటు ఎత్తున ఉన్నకొద్దీ, దానిని లాగినప్పుడు పరికరాన్ని తిప్పే ప్రభావం పెరుగుతుంది. పడినప్పుడు తివాచీ మీద చెదిరేవి ఎర్రటి నిప్పు కణికలు. పెద్ద పాత్రలో పోసే లీటరు నీటి అసలైన ఉపయోగం ఇక్కడే ఉంది: అది అడుగున ఒక కిలో బరువై గరిమనాభిని కిందికి దించుతుంది.

బిద్రీ పాత్రల చరిత్ర ఈ సూత్రాన్నే చూపుతుంది. 17వ శతాబ్దంలో గుండ్రని బంతి ఆకారంలో ఉండి, కుదురు వంటి వలయం మీద తప్ప నిలవని హుక్కా పాత్రలు, 18వ శతాబ్దంలో అడుగు వెడల్పై, గంట ఆకారాన్ని తీసుకుని, ఏ కుదురూ లేకుండా నేలమీద కూర్చోగలిగాయి. లోహపు బరువు అడుగున చేరిన ఆ ఆకారంలో అందమూ, నిలకడా కలిసే వచ్చాయి.

కొనుగోలుకు మిగిలే ప్రమాణాలు

పై వివరాలన్నీ ఒకచోట చేరిస్తే ఎంపిక చాలా సరళమవుతుంది. ప్రయాణంలో తీసుకుపోవడానికి, త్వరగా కడిగి ఆరబెట్టడానికి, నిప్పు మార్పును వెంటనే గమనించడానికి చిన్నది అనువు. నలుగురు కూర్చునే చోట ఒకే తీరుగా నడవడానికి, పొడవైన గొట్టం ఇచ్చే చల్లదనానికి పెద్దది అనువు, దానికి వెడల్పైన బరువైన అడుగు ఉండాలన్న షరతు మీద. ఏ పరిమాణంలోనైనా రంధ్రం వెడల్పు, అతుకుల బిగింపు, కడగడానికి వీలైన నాళం ఎత్తుకన్నా ముఖ్యమైనవి. పొగ ఎంత పుడుతుందన్నది నిర్ణయించేది పాత్ర కాదు, చిలుము. ఒకే చిలుమును రెండు హుక్కాల మీదా పెట్టవచ్చు, అప్పుడు కాలే పొగాకూ, బొగ్గూ రెండింటిలోనూ ఒకటే.

ఆరోగ్యం కోణంలో లెక్కలోకి వచ్చేవి కూడా ఆ రెండే. బీరూట్ పద్ధతిలో 10 గ్రాముల పొగాకుతో నడిపిన ఒక విడతలో కార్బన్ మోనాక్సైడ్ 140 మిల్లీగ్రాములు దాటింది. ఆ తరువాత 2008లో వెలువడిన పరిశోధనలో బొగ్గుకు బదులు విద్యుత్ వేడిని వాడి చూసినప్పుడు, ఆ వాయువులో పదింట తొమ్మిది వంతుల మేరకు బొగ్గు నుంచే వస్తున్నట్లు తేలింది. పొగాకు లేని మూలికల మిశ్రమాన్ని చిలుములో నింపినా బొగ్గు ఉన్నంతవరకు ఈ వాయువు తప్పదు. అది రక్తంలోని హీమోగ్లోబిన్‌తో ఆక్సిజన్ కన్నా రెండు వందల రెట్లకు పైగా గట్టిగా బంధం ఏర్పరచుకుని, ప్రాణవాయువు చోటును ఆక్రమిస్తుంది. ఒకే నాళాన్ని చేతులు మార్చుకోవడంలో అంటువ్యాధుల ప్రమాదం దీనికి అదనం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో హుక్కాపై ప్రత్యేక సూచనా పత్రం వెలువరించడానికీ, తెలంగాణ శాసనసభ 2024 ఫిబ్రవరిలో హుక్కా పార్లర్లను నిషేధించే బిల్లును ఆమోదించడానికీ వెనుక ఉన్నది ఇటువంటి అవగాహనే.

కాబట్టి దుకాణంలో వినిపించే మూడు మాటలను విడదీసి తూచవలసి ఉంటుంది. పెద్ద పాత్ర కొనే వ్యక్తి అదనపు ధరకు నిజంగా పొందేది పొడవైన గొట్టపు చల్లదనం, నిదానమైన రుచి, చూపుల దర్జా. శుభ్రమైన పొగ అనే సరుకు మాత్రం ఏ పరిమాణంలోనూ అమ్మకానికి లేదు. పొగ చల్లబడినకొద్దీ పీల్చే పొగ మోతాదు పెరుగుతుంది కనుక, ఎక్కువ సుఖంగా లాగించే హుక్కానే ఎక్కువ జాగ్రత్తగా లెక్కించవలసిన హుక్కా.